మూడూ మంచి వార్తలే, మరి మన చుట్టూ ఆ మంచి ఎందుకు కనబడదు?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు ఇక్కడ పెడతాను. "నిరుద్యోగం తగ్గిందని, సగటు జీతం పెరిగిందని, ద్రవ్యోల్బణం దిగివచ్చిందని ఒకే వారంలో మూడు వార్తలు చదివాను. నా చుట్టూ ఉన్నవాళ్ళలో తేరుకున్నవాళ్ళు మాత్రం కనబడటం లేదు. లెక్కలు అబద్ధమా, నేను చూస్తున్నది తప్పా?" అని అడిగారు.

లెక్కలూ నిజం కావచ్చు, మీరు చూస్తున్నదీ నిజం కావచ్చు. ఆ మూడు వార్తలు అక్షరాలా సరైనవై ఉండి, అదే సమయంలో మీ చుట్టుపక్కలవాళ్ళ బతుకు పోయినేడాది కన్నా బరువుగా ఉండటం సాధ్యమే. ఎలాగో చెప్పాలంటే కాస్త పొడవుగా రాయాల్సి వస్తుంది, ఓపిక పట్టండి.

నేను ఇరవై ఏళ్ళకు పైగా గణాంకాల పనిలోనే ఉన్నాను. మొదట్లో ఇంటింటికీ తిరిగే సర్వేలు, తర్వాత ధరల సూచీలు, ఆపైన వాటి మీద నివేదికలు. ఇన్నేళ్ళలో కావాలని అంకె మార్చినవాళ్ళను నేను చూసింది చాలా తక్కువ. అంకె సరిగ్గానే ఉండి, దాని పక్కన ఉండాల్సిన వాక్యం ఊడిపోవడం మాత్రం వారం వారం చూశాను. ఒకచోట పనిచేస్తున్నప్పుడు ఆదాయాల మీద ఒక పట్టిక తయారుచేసి, కింద మూడు ఫుట్‌నోట్లు రాశాను. ఎవరిని లెక్కలోకి తీసుకోలేదు, ఏ నెలలో అడిగాం, పోయినసారి అడిగిన ప్రశ్నకూ ఈసారి ప్రశ్నకూ తేడా ఏమిటి అని. ఆ పట్టిక పైవాళ్ళ ప్రెజెంటేషన్‌లోకి వెళ్ళేసరికి ఒక ఫుట్‌నోట్ మిగిలింది. ప్రెస్ నోట్‌లో అదీ లేదు. హెడ్‌లైన్ దగ్గరికి వచ్చేసరికి మిగిలింది ఒకే ఒక్క శాతం. దారిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. అయినా పాఠకులకు చేరింది మేం కనుక్కున్న సంగతి కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది అందుకే.

ముందు నిరుద్యోగం సంగతి చూద్దాం.

సర్వేలో చేరిన కొత్తలో ఒకామె ఇంటికి వెళ్ళాను. మా ఫారంలో మొదటి ప్రశ్న, "గడిచిన వారంలో డబ్బు కోసం కనీసం ఒక గంటైనా పని చేశారా?" అని. ఆమె కుట్టుపని చేస్తుంది. ఆ వారం ఆర్డర్లు లేవు. ఎవరో తెలిసినావిడ తెచ్చిన బట్టలు రెండు గంటలు కుట్టి ఇచ్చింది, అంతే. నేను "ఉపాధిలో ఉన్నారు" అన్న గడిలో టిక్ పెట్టాను. ఆమె నా చేతిలో కాగితం వైపు చూసి, "రెండు గంటలు కుడితే నాకు పని దొరికినట్టేనా?" అని అడిగింది. నిబంధన ప్రకారం అవును. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం అదే: సర్వే వారంలో ఒక గంట సంపాదన కోసం పనిచేస్తే ఆ మనిషి ఉపాధిలో ఉన్నట్టే. అందులో తర్కం లేకపోలేదు. దేశంలో జరిగిన ఉత్పత్తి అంతటినీ లెక్కపెట్టేటప్పుడు దాని వెనకున్న శ్రమనంతా లెక్కపెట్టాలి కాబట్టి గీతను అంత కిందికి గీశారు. ఆమె ప్రశ్నకు మాత్రం ఆ అంకెలో జవాబు లేదు. "పని సరిపడా దొరుకుతోందా" అన్నది వేరే ప్రశ్న. దానికి వేరే గడి, వేరే పట్టిక ఉంటాయి. అవి హెడ్‌లైన్ దాకా రావు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. నిరుద్యోగి అనిపించుకోవాలంటే పని లేకపోవడం చాలదు, పని కోసం వెతుకుతూ కూడా ఉండాలి. అమెరికా లాంటి చోట్ల గడిచిన నాలుగు వారాల్లో వెతికి ఉండాలని షరతు. వెతికి వెతికి విసిగి మానేసినవాళ్ళు నిరుద్యోగుల్లోంచీ, శ్రామిక శక్తిలోంచీ (అంటే పనిలో ఉన్నవాళ్ళూ వెతుకుతున్నవాళ్ళూ కలిపి) ఒకేసారి మాయమవుతారు. లెక్క వేసి చూడండి. వంద మంది పెద్దవాళ్ళలో 54 మంది పనిలో ఉన్నారు, 6 మంది వెతుకుతున్నారు. శ్రామిక శక్తి 60, నిరుద్యోగిత 10 శాతం. ఆ ఆరుగురిలో ముగ్గురు ఆశ వదులుకున్నారు. ఇప్పుడు శ్రామిక శక్తి 57, వెతికేవాళ్ళు ముగ్గురు. నిరుద్యోగిత 5.3 శాతానికి పడిపోయింది. కొత్తగా ఒక్క ఉద్యోగం కూడా పుట్టలేదు. దీన్నే తిరగేసి చూడండి. ఒకరికి పని దొరికింది, అది చూసి వెతకడం మానేసినవాళ్ళలో చాలామంది మళ్ళీ బయల్దేరారు. ఇప్పుడు 55 మంది పనిలో, 8 మంది వెతుకులాటలో ఉన్నారు. నిరుద్యోగిత 12.7 శాతం. పరిస్థితి మెరుగవుతుంటే రేటు పెరిగింది! అందుకే నేను ఈ రేటును ఒంటరిగా ఎప్పుడూ చదవను. పెద్దవాళ్ళలో ఎంతమంది నిజంగా పనిలో ఉన్నారన్న నిష్పత్తిని పక్కన పెట్టుకుంటాను. దాంట్లో వెతకడం, వెతక్కపోవడం అన్న గొడవ లేదు. 2020 ఏప్రిల్‌లో అమెరికా నిరుద్యోగిత 14.7 శాతం అని ప్రకటించారు. అదే నెలలో పనిలో ఉన్నవాళ్ళ నిష్పత్తి 51.3 శాతానికి పడిపోయింది. చదువుకుంటున్నవాళ్ళు, రిటైరైనవాళ్ళు కూడా అందులో కలిసే ఉంటారు కాబట్టి మామూలు రోజుల్లో కూడా అది వందకు దగ్గరగా ఉండదు. కానీ రెండు నెలల ముందు, ఫిబ్రవరిలో, అది 61 దగ్గర ఉంది. ఆ పది పాయింట్ల పతనం చెప్పినంత నేరుగా 14.7 చెప్పలేదు. పైగా పనికి దూరమైన చాలామందిని "ఉద్యోగం ఉంది, సెలవులో ఉన్నారు" అన్న గడిలో రాసుకున్నారని, వాళ్ళను సరిగ్గా వర్గీకరిస్తే రేటు దాదాపు 5 పాయింట్లు ఎక్కువగా ఉండేదని ఆ దేశపు కార్మిక గణాంకాల శాఖ తన నివేదికలోనే రాసింది. ఎంతమంది చదివారంటారు?

ఆ నెల నివేదికలోనే మీ రెండో వార్తకు కూడా జవాబు ఉంది.

2020 ఏప్రిల్‌లో అమెరికాలో 2 కోట్లకు పైగా ఉద్యోగాలు పోయాయి. అదే నెలలో ప్రైవేటు రంగంలో సగటు గంట వేతనం 1.34 డాలర్లు పెరిగి 30.01 డాలర్లయింది. ఒక్క నెలలో 4.7 శాతం. మామూలుగా ఏడాదంతా కలిపి కూడా అంత పెరగదు. చరిత్రలోనే ఘోరమైన నెలలో జీతాలు ఎగబాకాయంటే నమ్మాలా? అంకె నిజమే. కానీ దానికి ముఖ్య కారణం జీతాలు పెరగడం కాదు. హోటళ్ళు, దుకాణాలు మూతపడి తక్కువ జీతాలవాళ్ళు జాబితాలోంచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళ సగటు తనంతట తానే పైకి లేచింది.

దీన్ని చిన్న లెక్కలో చూస్తే జీవితంలో మరిచిపోరు. ఒక సంస్థలో పది మంది ఉన్నారు. ఐదుగురికి తలా 100, ఐదుగురికి తలా 300. సగటు 200. తక్కువ జీతంవాళ్ళలో నలుగురిని తీసేశారు. ఇప్పుడు ఒకరికి 100, ఐదుగురికి 300, మొత్తం 1600, సగటు దాదాపు 267. ఇంతటితో ఆగకుండా పెద్ద జీతాలవాళ్ళకు కూడా పది శాతం కోత పెట్టారనుకోండి. 270 చొప్పున ఐదుగురు, 100కి ఒకరు. సగటు 242. నలుగురికి ఉద్యోగం పోయింది, ఐదుగురికి జీతం తగ్గింది, ఒకరికి ఏ మార్పూ లేదు. అయినా ఆ సంస్థ "మా దగ్గర సగటు జీతం 21 శాతం పెరిగింది" అని ప్రకటించుకోవచ్చు. అందులో ఒక్క అక్షరం అబద్ధం కాదు.

సగటు బదులు మధ్యగతం చూస్తే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. అంటే అందరినీ జీతం వరుసలో నిలబెట్టి నడిమధ్య మనిషి జీతం చూడటం. మంచి సలహానే, కొద్దిమంది బాగా సంపాదించేవాళ్ళు సగటును పైకి లాగేయడం దాంతో ఆగుతుంది. కానీ ఇక్కడ అదీ కాపాడదు. వరుసలో కిందివాళ్ళు వెళ్ళిపోతే నడిమధ్య మనిషే మారిపోతాడు. 2020లో అమెరికా మధ్యగత వేతనం కూడా అలాగే ఎగిసింది. ఇలాంటప్పుడు కావాల్సింది అదే మనుషులను ఏడాది తర్వాత మళ్ళీ అడిగి, ఒక్కొక్కరి జీతంలో ఎంత మార్పు వచ్చిందో చూడటం. అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలో భాగమైన అట్లాంటా ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నడిపే వేతనాల ట్రాకర్ చేసేది ఇదే. జీతాలు పెరిగాయన్న వార్త ఎక్కడ చూసినా నాకు మొదట వచ్చే సందేహం ఒకటే: పోయినేడాది లెక్కలో ఉన్నవాళ్ళే ఈ ఏడాది కూడా ఉన్నారా?

మీ మూడో వార్త ద్రవ్యోల్బణం. దీని దగ్గర జనానికి కలిగే అపార్థం చాలా మామూలుది, చాలా బాధ పెట్టేది కూడా. ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు తగ్గడం కాదు, ధరలు పెరిగే వేగం తగ్గడం. 2022 జూన్‌లో అమెరికా వార్షిక ద్రవ్యోల్బణం 9.1 శాతం. మరుసటి జూన్‌లో 3 శాతం. మూడో వంతుకు దిగిందని సంబరపడ్డారు. 2021 జూన్‌లో 100 పెట్టి కొన్న సరుకులు 2022లో 109.1 అయ్యాయి, 2023లో 112.4 అయ్యాయి. ధరలు వెనక్కి రాలేదు, ఎక్కిన మెట్టు మీదే నిలబడి ఇంకొంచెం పైకి వెళ్ళాయి. ఆ రెండేళ్ళలో జీతం 12 శాతం పెరగనివాడికి 3 శాతం అన్న వార్త ఏ ఊరటా ఇవ్వదు. ఇవ్వకపోవడంలో వాడి అజ్ఞానమేమీ లేదు. వార్త మార్పు గురించి చెబుతోంది, వాడు స్థాయి గురించి బాధపడుతున్నాడు. ఆర్థికవేత్తలు ఈ తేడాను పట్టించుకోకుండా "జనానికి అర్థం కావట్లేదు" అన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

పైగా ఆ 3 శాతం ఎవరి బుట్టది? ధరల సూచీ అంటే ఒక బుట్ట. అందులో అద్దె ఇంత, తిండి ఇంత, రవాణా ఇంత అని బరువులు ఉంటాయి. అవి మొత్తం కుటుంబాల ఖర్చును కలిపి తీసిన బరువులు కాబట్టి, ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్ళ అలవాట్లకే అందులో ఎక్కువ చోటు దక్కుతుంది. ఆదాయంలో సగం తిండికీ అద్దెకూ పోయే ఇంట్లో అవి రెండూ పెరిగితే ఆ ఇంటి ద్రవ్యోల్బణం వేరు. సూచీ తప్పు కాదు, అది ఆ ఇంటి సూచీ కాదు, అంతే.

ఇక మీరు అడగకపోయినా, శాతాల గురించి ఒక మాట చెప్పకుండా వదలలేను. 2020 రెండో త్రైమాసికంలో అమెరికా జీడీపీ, అంటే దేశంలో జరిగిన మొత్తం ఉత్పత్తి విలువ, 31.4 శాతం పడిందన్నారు. మూడో త్రైమాసికంలో 33.1 శాతం లేచిందన్నారు. ఈ రెండో అంకె వచ్చింది అక్టోబరు 29న, అధ్యక్ష ఎన్నికలకు సరిగ్గా ఐదు రోజుల ముందు. 31 పోయింది, 33 వచ్చింది, ఇంకేం, పోయినదంతా తిరిగి వచ్చేసిందని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడ రెండు వలలు ఉన్నాయి. ఒకటి మామూలు లెక్క. వందలోంచి 31.4 పోతే 68.6. దాని మీద 33.1 శాతం పెరిగితే 91.3 మాత్రమే, వంద కాదు. పడిపోవడానికీ లేవడానికీ శాతం కట్టే ఆధారం ఒకటి కాదు. రెండోది ఆ దేశపు ఆనవాయితీ. అక్కడ త్రైమాసిక మార్పును, "ఇదే వేగం ఏడాదంతా సాగితే" అన్న రూపంలోకి మార్చి ప్రకటిస్తారు. నిజంగా ఆ మూడు నెలల్లో పడింది 9 శాతం, తర్వాతి మూడు నెలల్లో లేచింది 7.4 శాతం. 2019 చివరి త్రైమాసికంతో పోలిస్తే ఆర్థిక వ్యవస్థ ఇంకా 3.5 శాతం దిగువనే ఉంది. వార్షిక రూపం మామూలు రోజుల్లో పనికొచ్చేదే. లాక్‌డౌన్ లాంటి ఒక్కసారి దెబ్బకు అది ఏ అర్థమూ ఇవ్వదు, ఎందుకంటే ఆ వేగం ఏడాదంతా సాగదని అందరికీ తెలుసు.

పోలికకు ఎంచుకునే ఏడాది కూడా ఇలాంటిదే. 2021 మొదటి త్రైమాసికంలో చైనా 18.3 శాతం వృద్ధి చూపించింది. ముందటి ఏడాది అదే త్రైమాసికంలో 6.8 శాతం పడింది మరి. ఆ గుంటలోంచి కొలిస్తే 18 వచ్చింది. రెండేళ్ళు కలిపి చూస్తే ఏడాదికి సగటున 5 శాతం. చైనా గణాంక శాఖ ఆ రెండేళ్ళ సగటును తనే ప్రకటించింది కూడా. హెడ్‌లైన్లలో నిలిచింది మాత్రం 18.3.

జీడీపీ విషయంలో నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఎప్పుడూ ఐర్లండ్ కథ చెబుతాను. 2016 జూలైలో ఆ దేశం, 2015లో తన జీడీపీ 26.3 శాతం పెరిగిందని ప్రకటించింది. సంపన్న దేశాల్లో ఊహకు అందని అంకె. కొన్ని బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్లు, సాఫ్ట్‌వేర్ హక్కులు లాంటి మేధో ఆస్తులను కాగితాల మీద ఐర్లండ్‌కు మార్చుకున్నాయి. ఆ హక్కుల మీద ప్రపంచమంతటా వచ్చే రాబడి ఐర్లండ్ ఉత్పత్తి కింద నమోదైంది. విమానాలను లీజుకిచ్చే కంపెనీల ఆస్తులు కూడా తోడయ్యాయి. ఫ్యాక్టరీలు ఆ లెక్కన పుట్టలేదు, ఉద్యోగాలు ఆ లెక్కన పెరగలేదు, ఇళ్ళల్లోకి ఆదాయం ఆ లెక్కన రాలేదు. అంతర్జాతీయ నిబంధనలను అక్షరాలా పాటించి వేసిన లెక్క అది. పాల్ క్రుగ్‌మన్ లాంటి పేరున్న ఆర్థికవేత్తలు బహిరంగంగా ఎగతాళి చేశారు.

తర్వాత జరిగింది నాకు చాలా ఇష్టమైన భాగం. ఆ దేశపు గణాంక కార్యాలయం అంకెను సమర్థించుకుంటూ కూర్చోలేదు, దాచేయనూ లేదు. కేంద్ర బ్యాంకు గవర్నర్ ఫిలిప్ లేన్ ఆధ్వర్యంలో ఒక బృందం కూర్చుని, ఇలా దిగుమతైన మేధో ఆస్తుల తరుగుదల, విమానాల లీజు తరుగుదల లాంటివి తీసేసి 'సవరించిన స్థూల జాతీయ ఆదాయం' అనే కొత్త కొలతను సిఫారసు చేసింది. 2017 నుంచి దాన్ని జీడీపీతో పాటు ప్రచురిస్తున్నారు. అది జీడీపీ కన్నా చాలా తక్కువ ఉంటుంది. దేశం అప్పు మోయగలదా లేదా అని చూసేటప్పుడు ఏ అంకెతో భాగించాలో అక్కడ ఇప్పుడు అందరికీ తెలుసు. సందర్భాన్ని ఫుట్‌నోట్‌లో వదిలేయకుండా దానికే ఒక అంకె కట్టారన్నమాట.

లక్సెంబర్గ్ సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. తలసరి జీడీపీలో ఎప్పుడూ ప్రపంచంలో ముందువరుసలో ఉంటుంది. సంపన్న దేశమే, సందేహం లేదు. కానీ అక్కడ పనిచేసేవాళ్ళలో 2 లక్షల మందికి పైగా ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం నుంచి రోజూ సరిహద్దు దాటి వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోతారు. వాళ్ళు ఉత్పత్తి చేసింది లవంలో ఉంటుంది, వాళ్ళు హారంలో ఉండరు. తలసరి అన్న పదం ఎక్కడ కనబడినా ఆ తలలు ఎవరివో చూసుకోవాలి.

నైజీరియాది దీనికి పూర్తిగా ఎదురు పాఠం. 2014 ఏప్రిల్‌లో ఆ దేశం జీడీపీ లెక్కకు ఆధార సంవత్సరాన్ని, అంటే ఏ రంగానికి ఎంత బరువు ఇవ్వాలో, ఏ ధరలతో కట్టాలో నిర్ణయించే ఏడాదిని, 1990 నుంచి 2010కి మార్చింది. 2013 జీడీపీ ఒక్క పూటలో 89 శాతం పెరిగి 51,000 కోట్ల డాలర్ల దగ్గరికి చేరింది. దక్షిణాఫ్రికాను దాటి ఆ ఖండంలోనే పెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది. మర్నాడు పొద్దున్న ఎవరి జేబూ బరువెక్కలేదు కాబట్టి ఇదంతా గారడీ అని చాలామంది కొట్టిపారేశారు. నేను ఒప్పుకోను. 1990 నాటి బరువులతో లెక్క వేస్తే మొబైల్ ఫోన్ల రంగం ఎక్కడ కనబడుతుంది? సినిమా పరిశ్రమ ఎక్కడ? తప్పుదోవ పట్టించింది పాత అంకె, ఇరవై ఏళ్ళపాటు. సవరణ జరిగినప్పుడల్లా అనుమానించడం మనకు అలవాటైపోయింది. చాలాసార్లు అనుమానించాల్సింది సవరించకుండా వదిలేసిన అంకెను. అయితే ఆ రోజు నుంచి జీడీపీతో పోల్చే ప్రతి నిష్పత్తీ మారిపోయింది. అప్పు నిష్పత్తి తగ్గినట్టు కనిపించింది, పన్ను వసూళ్ళ నిష్పత్తి కూడా తగ్గినట్టు కనిపించింది. అప్పూ మారలేదు, పన్నూ మారలేదు, కిందున్న హారం మారింది.

చదువుకున్నవాళ్ళు, నిపుణులు కూడా ఇందులో పడతారు. 2010లో కార్మెన్ రీన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన ధనిక దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని అందులో తేలింది. ఖర్చుల్లో కోత పెట్టాలనే నాయకులు చాలా దేశాల్లో దాన్ని చూపించారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, తన ఆచార్యులు మైకేల్ యాష్, రాబర్ట్ పోలిన్‌లతో కలిసి అసలు స్ప్రెడ్‌షీట్ తెప్పించుకుని మళ్ళీ లెక్క వేస్తే ఆ సగటు 2.2 శాతం వచ్చింది. స్ప్రెడ్‌షీట్‌లో సగటు కట్టే సూత్రం పొరపాటున ఐదు దేశాల వరుసలను వదిలేసిందన్న సంగతే అందరూ చెప్పుకున్నారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనబడేది న్యూజీలాండ్. ఆ దేశం నుంచి లెక్కలోకి వచ్చింది ఒకే ఒక్క ఏడాది, 1951. ఆ ఏడాది వృద్ధి మైనస్ 7.6. బ్రిటన్ 19 ఏళ్ళు అధిక అప్పుతో ఉండి సగటున 2.4 శాతం పెరిగింది. దేశానికి ఒక ఓటు అన్న పద్ధతిలో న్యూజీలాండ్ ఒక్క ఏడాదికీ, బ్రిటన్ 19 ఏళ్ళకూ సమానమైన బరువు ఇచ్చారు. ఒక చిన్న దేశంలో ఒక చెడ్డ ఏడాది, ప్రపంచమంతటికీ హెచ్చరికలా చలామణీ అయింది. స్ప్రెడ్‌షీట్ తప్పును రచయితలు ఒప్పుకున్నారు, బరువుల పద్ధతిని మాత్రం సమర్థించుకున్నారు. దానిమీద వాదన ఉండొచ్చు కూడా. కానీ సగటు అన్న ఒక్క మాట వెనక ఇంత పెద్ద ఎంపిక దాగి ఉందని ఆ పత్రాన్ని పట్టుకుని కోతల గురించి మాట్లాడినవాళ్ళలో ఎంతమందికి తెలుసు? పైగా అప్పు పెరగడం వల్ల వృద్ధి తగ్గిందా, వృద్ధి పడిపోవడం వల్ల జీడీపీ కుంచించుకుపోయి అప్పు నిష్పత్తి పెరిగిందా అన్నది ఏ సగటూ చెప్పదు.

ఇదంతా చదివాక "అయితే ఏ లెక్కనూ నమ్మక్కర్లేదన్నమాట" అనుకోవద్దని నా మనవి. నిజంగా అంకెలు వండిన సందర్భాలు ఉన్నాయి. అర్జెంటీనాలో 2007 నుంచి కొన్నేళ్ళపాటు ద్రవ్యోల్బణాన్ని అధికారికంగా తగ్గించి చూపించారు. 2013లో అంతర్జాతీయ ద్రవ్య నిధి ఆ దేశాన్ని బహిరంగంగా అభిశంసించింది. కానీ ఆ మోసం ఎలా బయటపడింది? అదే దేశంలో రాష్ట్రాల స్థాయిలో సేకరించిన ధరలు ఎక్కువ చూపించాయి. ఇంటర్నెట్‌లో దుకాణాల ధరలను రోజూ సేకరించే పరిశోధకులకు, అధికారిక అంకెకు రెండు మూడు రెట్లు వచ్చింది. ఒక తప్పుడు అంకెను పట్టించింది జాగ్రత్తగా కట్టిన మరో అంకే. అన్నీ అబద్ధాలే అనుకునేవాడికి ఆ మోసమూ దొరకదు, ఐర్లండ్‌లో జరిగిన నిజాయితీ సవరణా కనబడదు.

ఇప్పుడు మీ మూడు వార్తల దగ్గరికి వద్దాం. నేనైతే ఇలా చేస్తాను. నిరుద్యోగిత వచ్చిన నివేదికలోనే శ్రామిక శక్తి పాల్గొనే రేటు, అంటే పెద్దవాళ్ళలో పనిలో ఉన్నవాళ్ళూ వెతుకుతున్నవాళ్ళూ కలిపి ఎంత శాతమో, అదీ ఉంటుంది. నిరుద్యోగితతో పాటు అది కూడా తగ్గి ఉంటే, మీకు కనబడనివాళ్ళు ఎక్కడికి పోయారో అక్కడే తెలిసిపోతుంది. అలా కాకుండా పనిలో ఉన్నవాళ్ళ నిష్పత్తి పెరిగి ఉంటే వార్త నిజంగా మంచిదే, దాన్ని ఒప్పుకోవాలి. జీతాల దగ్గర ఏ రంగాల్లో ఉద్యోగాలు పోయాయో చూడండి. పోయినవి తక్కువ జీతాల రంగాలైతే ఆ సగటును పక్కన పెట్టేయండి. ద్రవ్యోల్బణానికి ఒక్క ఏడాది శాతం చాలదు. సూచీ పట్టికలో మూడు నాలుగేళ్ళ కిందటి అంకె తీసుకుని ఇప్పటిదాన్ని దానితో భాగించండి, అదే మూడు నాలుగేళ్ళలో మీ ఇంటి ఆదాయం ఎంత పెరిగిందో పక్కన రాసుకోండి. కాగితం మీద పది నిమిషాల పని.

ఆ మూడు నివేదికలు ఏ నెలవో, ఏ దేశానివో మీరు రాయలేదు. అసలు నివేదికల లింకులు, హెడ్‌లైన్లు కాదు, కింద పెడితే ఫుట్‌నోట్లతో సహా చదివి, ఏ అంకె దేనికి జవాబో విడివిడిగా రాస్తాను.